కథ లెక్కల దగ్గర ఆగిపోయే పిల్లలు

అహ్మద్ దగ్గర 24 ఖర్జూరాలు ఉన్నాయి. ఫాతిమా దగ్గర ఉన్నవాటికంటే ఇవి 6 తక్కువ. ఫాతిమా దగ్గర ఎన్ని ఖర్జూరాలు ఉన్నాయి?

మూడో తరగతో నాలుగో తరగతో చదివే పిల్లలకు ఈ లెక్క ఇచ్చి చూడండి. 18 అని రాసేవాళ్లు కొందరైనా ఉంటారు. వాళ్ల నోటుపుస్తకం తీసి చూస్తే తీసివేతలో ఏ పొరపాటూ కనిపించదు. నాలుగులోంచి ఆరు పోదు కాబట్టి పదుల స్థానం నుంచి ఒకటి అప్పు తెచ్చుకున్నారు. పద్నాలుగులోంచి ఆరు తీసి ఎనిమిది వేశారు. మిగిలిన ఒక పదిని దాని పక్కన దించారు. చేసిన పని సక్రమంగానే చేశారు. కానీ ఈ లెక్కకు చేయవలసిన పని అది కాదు. ఫాతిమా దగ్గర ఎక్కువ ఉన్నాయన్న సంగతి ఆ వాక్యంలో ఎక్కడా పైకి లేదు, 'తక్కువ' అన్న మాట మాత్రం ఉంది. ఆ మాటను పట్టుకుని తీసేశారు. ఇలాంటి వాక్యాల దగ్గర కాలేజీ విద్యార్థులు సైతం తడబడతారని 1987లో ఆన్ లూయిస్, రిచర్డ్ మేయర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. మాట ఒక వైపు లాగి, చేయవలసిన లెక్క ఇంకో వైపు ఉన్నప్పుడు మనసు మాట వైపే మొగ్గుతుంది.

ఎర్ర సిరాతో కొట్టిన అడ్డగీత మాత్రం ఈ తేడా చెప్పదు. జవాబు తప్పింది కాబట్టి ఈ బిడ్డకు తీసివేత రాదని తేల్చేసి మరో ఇరవై తీసివేతలు ఇంటికిచ్చి పంపుతారు. వచ్చిన విద్యనే మళ్లీ మళ్లీ చేయించి, రానిదాన్ని అలాగే వదిలేస్తారు. ఏళ్ల తరబడి ఇలా జరిగితే ఆ బిడ్డ తనకు లెక్కలు రావని నిజంగానే నమ్మేస్తుంది. ఈ నష్టం అన్ని దేశాల్లోనూ ఉంది. దీన్ని ఒక చోట పట్టి, దగ్గరగా చూడాలని ఇండోనేషియాలోని ప్రాథమిక మదర్సాలను ఎంచుకున్నాను. ఈ ఒక్క విషయం మీద అక్కడ చాలా పరిశీలన జరిగింది. మదర్సా ఉపాధ్యాయులను తయారుచేసే ప్రత్యేక శాఖలు అక్కడి ప్రభుత్వ ఇస్లామిక్ విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. ఆ విద్యార్థులు డిగ్రీ చివర్లో సమర్పించే పరిశోధన పత్రాల్లో, పిల్లలు కథ లెక్కల్లో ఎక్కడ తప్పుతున్నారన్నది ఏటేటా వచ్చే అంశం. మనం పద సమస్యలు అనేవాటిని వాళ్లు 'సోఅల్ చెరితా', అంటే కథ లెక్కలు, అంటారు. ఆ పేరే ఇక్కడా వాడుకుంటాను.

మదర్సా అనగానే మనకు మతవిద్య మాత్రమే చెప్పే చోటు తలపుకొస్తుంది. ఇండోనేషియాలో 'మదర్సా ఇబ్తిదాయియా' అంటే ఆరు తరగతుల పూర్తిస్థాయి ప్రాథమిక పాఠశాల. గణితం, విజ్ఞానం, ఇండోనేషియా భాష అన్నీ ఉంటాయి. వాటికి తోడు ఖురాన్-హదీసు, విశ్వాసం-నడవడి, ఫిఖ్ అనే ధర్మశాస్త్రం, ఇస్లామిక్ సంస్కృతి చరిత్ర, అరబీ భాష ఉంటాయి. మామూలు బడులు విద్యాశాఖ కింద, మదర్సాలు మతవ్యవహారాల శాఖ కింద నడుస్తాయి. 1975లో ముగ్గురు మంత్రులు కలిసి ఇచ్చిన ఉత్తర్వు మదర్సా పాఠ్యాంశాల్లో 70 శాతం సాధారణ విద్య ఉండాలని నిర్దేశించి, మదర్సా సర్టిఫికెట్‌కు మామూలు బడి సర్టిఫికెట్‌తో సమాన విలువ ఇచ్చింది. 2003 నాటి జాతీయ విద్యా చట్టం ఆ సమానత్వాన్ని స్థిరపరిచింది. దేశం మొత్తం మీద ఇలాంటి ప్రాథమిక మదర్సాలు 25 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో ప్రభుత్వానివి పది శాతం కూడా లేవు. మిగతావన్నీ ఊరి పెద్దలు, ధార్మిక సంస్థలు, పెసాంత్రెన్ అనే ఆవాస ధార్మిక విద్యాలయాలు పెట్టుకున్నవి. వాటిలో పాఠం చెప్పేవాళ్లలో చాలామంది 'గురు హొనోరెర్', అంటే శాశ్వత ఉద్యోగం లేక కొద్దిపాటి గౌరవ వేతనంతో నెట్టుకొచ్చేవాళ్లు. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది.

ఇక్కడ ఒక తొందరపాటు తీర్పును ముందే పక్కన పెట్టాలి. మదర్సాల్లో కంఠస్థం చేయిస్తారు కాబట్టి పిల్లలకు ఆలోచించడం రాదు, అందుకే కథ లెక్కలు రావు అని కొందరు తేలిగ్గా అనేస్తారు. ఈ మాటకు ఆధారం లేదు. 2022 నాటి పీసా అంతర్జాతీయ పరీక్షలో గణితంలో కనీస స్థాయిగా భావించే రెండో మెట్టును అందుకున్న ఇండోనేషియా విద్యార్థులు 18 శాతమే. ఆ పరీక్ష రాసినవాళ్లలో మామూలు బడుల పిల్లలూ ఉన్నారు. అదే పరీక్షలో చదవడంలో ఆ మెట్టును చేరినవాళ్లు 25 శాతం. నాలుగో తరగతి పిల్లలకు 2015లో జరిగిన టిమ్స్ గణిత పరీక్షలో ఆ దేశం సగటు 397, ఆ కొలమానానికి నడిమి బిందువు 500. ఇది దేశమంతటి కష్టం, మదర్సా గోడల మధ్య పుట్టింది కాదు. కథ లెక్కల్లో పిల్లలు చేసే తప్పులను మొదట పట్టి చూపిన పరిశోధనలు మెల్‌బోర్న్‌లో, గ్రెనోబుల్‌లో, అమెరికాలో జరిగాయి. ఆ పిల్లలెవరూ మదర్సాలో చదవలేదు. ఏడెనిమిదేళ్లకే ఖురాన్‌లో పొడవాటి భాగాలను తప్పు లేకుండా అప్పజెప్పగల బిడ్డకు ఏకాగ్రత, జ్ఞాపకశక్తి రెండూ పుష్కలంగా ఉన్నట్టే. అవి లెక్కకు అడ్డం రావు.

మెల్‌బోర్న్ పరిశోధన చేసినావిడ ఆన్ న్యూమన్ అనే ఉపాధ్యాయురాలు. ఆమె వ్యాసం 1977లో వెలువడింది. ఆమె చేసింది చాలా సరళమైన పని. లెక్క తప్పిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, అదే లెక్క మళ్లీ చేయిస్తూ ఐదు విషయాలు అడిగింది. ముందు లెక్కను పైకి చదవమంది. తర్వాత, ఇందులో ఏం కనుక్కోమంటున్నారో చెప్పమంది. దాన్ని ఎలా కనుక్కుంటావు, కూడతావా, తీసివేస్తావా, ఇంకేమైనా చేస్తావా అని అడిగింది. ఆ పని పైకి చెబుతూ చేసి చూపించమంది. చివరికి, అడిగిన ప్రశ్నకు జవాబుగా ఏం రాస్తావో రాయమంది. చదవడం, అర్థం చేసుకోవడం, గణిత రూపంలోకి మార్చుకోవడం, లెక్క చేయడం, జవాబును తిరిగి మాటల్లో పెట్టడం అనే ఈ ఐదు మెట్లలో పిల్ల మొదట ఎక్కడ ఆగిందో అదే అసలు తప్పు జరిగిన చోటు. ఆరో తరగతిలో వెనకబడిన 124 మందిని ఇలా అడిగి చూస్తే తేలిందేమిటంటే, తప్పుల్లో దాదాపు సగం మొదటి మూడు మెట్ల మీదే జరిగిపోయాయి. అంటే పెన్సిల్ కాగితం మీద పెట్టకముందే ఓడిపోయారన్నమాట. లెక్క చేయడంలో జరిగిన తప్పులు నాలుగో వంతు మాత్రమే.

ఇండోనేషియా మదర్సా పరిశోధకులు ఎక్కువగా చేతబట్టింది ఈ ఐదు ప్రశ్నల పద్ధతినే. జార్జ్ పోల్యా 1945 నాటి తన పుస్తకంలో చెప్పిన నాలుగు దశలను తీసుకున్నవాళ్లూ ఉన్నారు. సమస్యను అర్థం చేసుకోవడం, దారి ఆలోచించడం, ఆ దారిన నడవడం, వెనక్కి తిరిగి చూసుకోవడం ఆయన దశలు. నా మట్టుకు న్యూమన్ పద్ధతే ప్రాథమిక తరగతులకు బాగా పనికొస్తుందనిపిస్తుంది. పోల్యా లెక్క ఎలా చేయాలో చెబుతాడు. న్యూమన్ మాత్రం బిడ్డ ఎక్కడ ఆగిందో కనిపెడుతుంది. ఉపాధ్యాయుడికి ముందు కావలసింది ఆ రెండోదే.

మొదటి మెట్టు దగ్గరే ఇండోనేషియా ప్రత్యేకత కనిపిస్తుంది. ఆ దేశంలో ఏడు వందలకు పైగా భాషలున్నాయి. బడి భాష ఇండోనేషియన్. తూర్పు జావా పల్లెలో పుట్టిన బిడ్డ ఇంట్లో జావా భాషో మదురా భాషో మాట్లాడుతుంది, లొంబోక్ దీవిలో ససక్, పశ్చిమ జావాలో సుండా. జావా భాషలో 21ని 'సెలికుర్' అనీ, 25ని 'సెలావె' అనీ, 50ని 'సెకెత్' అనీ అంటారు. ఇవి విడి పేర్లు. ఇండోనేషియన్‌లో అయితే 25కు రెండు పదులూ ఐదూ అన్నట్టుగా నేరుగా చెబుతారు. బజారులో అమ్మ అన్న 'సెలావె'నూ, పుస్తకంలోని మాటనూ, అరబీ పాఠంలో ఐదును ముందు, ఇరవైని తర్వాత చెప్పే పద్ధతినీ ఒకే అంకెగా గుర్తుపట్టవలసింది ఏడేళ్ల బిడ్డ. ఆ మూడు భాషలూ బిడ్డకు బలమే, కాకపోతే ఆ పని జరుగుతున్నట్టు గురువుకు తెలిసి ఉండాలి. మన దగ్గర ఇంట్లో కోయ, సవర, గోండి మాట్లాడే పిల్లలు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఇదే లెక్క ఎదుర్కొంటున్నారు. వాళ్ల కష్టం ఇంతకంటే తక్కువ కాదు.

అంకెలు రాసే తీరు కూడా తోడవుతుంది. అక్కడ వేలను విడదీయడానికి చుక్క పెడతారు, దశాంశానికి కామా పెడతారు. రెండున్నర కిలోలు 2,5 అవుతుంది, రెండు వేల ఐదు వందల రూపియాలు 2.500 అవుతాయి. ఒక పెన్సిల్ కొనాలన్నా వేలల్లో చెల్లించే దేశం కాబట్టి పిల్లలు చిన్నప్పుడే పెద్ద అంకెలు చూస్తారు. దుకాణంలో నోట్లు లెక్కపెట్టడం వాళ్లకు కష్టం కాదు. కానీ ఒకే కథ లెక్కలో కిలోలూ రూపియాలూ పక్కపక్కనే వస్తే, చుక్కకూ కామాకూ మధ్య చూపు తడబడుతుంది. పైకి చదవమంటే ఇది క్షణంలో బయటపడుతుంది. రాసిన జవాబు చూసి మాత్రం ఎన్నాళ్లయినా తెలుసుకోలేం.

ఇక రెండో మెట్టు. పైకి గడగడా చదివిన బిడ్డకు అర్థమైందని అనుకోవడం ఏ బడిలోనైనా జరిగేదే. మదర్సాలో ఈ ప్రమాదం కొంచెం ఎక్కువేమోనని నాకు అనిపిస్తుంది. ఖురాన్ పఠనంలో ఉచ్చారణ, ఆపులు, సాగదీతలు, వీటి శుద్ధికే ఒక శాస్త్రం ఉంది. దాని కోసం పొద్దునా సాయంత్రమూ సాధన చేస్తారు. చక్కగా చదవడం అక్కడ ఒక పూర్తయిన సాధన, దాని విలువ దానికుంది. గణిత వాక్యం విషయంలో మాత్రం చక్కగా చదవడం తొలి మెట్టు మాత్రమే. రెంటికీ ఒకే గురువు ఒకే చెవితో మార్కులు వేస్తే తేడా కనబడకుండా పోతుంది. అందుకే రెండో ప్రశ్న ఎంత చిన్నదైనా విడిచిపెట్టకూడదు: పుస్తకం మూసేసి, ఇందులో ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పు. ఇంటి భాషలో చెప్పినా సరే. కథ చెప్పగలిగిన బిడ్డ లెక్కకు సగం దూరం వచ్చేసినట్టే.

అన్నిటికంటే గడ్డు మెట్టు మూడోది. కూడిక, తీసివేతల కథలను మేరీ రైలీ, జేమ్స్ గ్రీనో, జోన్ హెల్లర్ 1983లో మూడు రకాలుగా విడదీశారు. ఒకటి మార్పు: నా దగ్గరున్నవి పెరిగాయి లేదా తగ్గాయి. రెండోది కలయిక: ఎర్రవి ఇన్ని, పచ్చవి ఇన్ని, మొత్తం ఎన్ని. మూడోది పోలిక: నీకంటే నాకు ఎన్ని ఎక్కువ. చేయవలసిన తీసివేత ఒకటే అయినా పోలిక దగ్గర పిల్లలు కూలబడతారు. కారణమేమిటో టామ్ హడ్సన్ అదే ఏడాది వెలువరించిన ఒక ముచ్చటైన ప్రయోగం చెబుతుంది. పక్షులూ పురుగులూ ఉన్న బొమ్మ చూపించి, పురుగులకంటే పక్షులు ఎన్ని ఎక్కువ అని అడిగితే ఒకటో తరగతిలో 64 శాతం, నర్సరీ పిల్లల్లో 17 శాతం సరిగ్గా చెప్పారు. అదే బొమ్మ చూపి, పక్షులన్నీ ఎగిరొచ్చి ఒక్కోటీ ఒక్కో పురుగును పట్టుకోబోతే ఎన్ని పక్షులకు పురుగు దొరకదు అని అడిగారు. ఒకటో తరగతిలో అందరూ చెప్పేశారు, నర్సరీలో 83 శాతం చెప్పారు. అంకెలు మారలేదు, బొమ్మ మారలేదు. మొదటి ప్రశ్నలో పిల్లలకు జరిగే పనేమీ కనిపించలేదు, రెండోదాంట్లో కనిపించింది. నాకు తెలిసినంతలో పిల్లల గణితం మీద ఇంత తక్కువ మాటల్లో ఇంత ఎక్కువ చెప్పిన ప్రయోగం మరొకటి లేదు. తేడా ఎంత అన్న మాట మీద ఆగిపోయిన పిల్లకు ఆ తేడా ఒక సంఘటనగా కనబడాలి. ఖర్జూరాలను రెండు వరుసల్లో ఎదురెదురుగా పేర్పించి, జత దొరకనివి ఎన్ని అని అడిగితే చాలు.

బడులు చాలాచోట్ల దీనికి బదులు ఒక అడ్డదారి నేర్పుతున్నాయి. 'మొత్తం' అంటే కూడు, 'మిగిలింది' అంటే తీసెయ్, 'ఒక్కొక్కరికి' అంటే భాగించు. ఈ సూత్రం రెండో తరగతి పాఠ్యపుస్తకంలో చాలావరకు పనిచేస్తుంది, అందుకే ప్రమాదం. నాలుగో తరగతికి వచ్చేసరికి 'ఒక్కొక్కరికి ఐదేసి పంచగా ముగ్గురికి ఎన్ని' అన్న లెక్కలో బిడ్డ భాగహారం చేస్తుంది. ఇండోనేషియాలో దీనికి తోడు ఒక రాత పద్ధతి ఉంది. ఇచ్చినవి, అడిగినది, జవాబు అని మూడు శీర్షికలు వేసి, చివర 'కాబట్టి' అని మొదలుపెట్టి ఒక వాక్యం రాయాలి. పద్ధతి మంచిదే, పోల్యా చెప్పినదానికి దగ్గరే. కానీ 'ఇచ్చినవి' కింద కథలోని అంకెలన్నీ వరసగా ఎత్తి రాసి, 'అడిగినది' కింద ప్రశ్న వాక్యాన్ని మక్కీకి మక్కీ దించితే ఆ రెండు శీర్షికలూ చేతిపని అయిపోతాయి. మార్కులు మాత్రం పడతాయి.

అర్థంతో పని లేకుండా అంకెలు కలిపే అలవాటు ఎంత దూరం వెళుతుందో ఫ్రెంచి వాళ్లు 1980 ప్రాంతంలో చూపించారు. గ్రెనోబుల్ గణిత బోధనా పరిశోధన సంస్థ వాళ్లు రెండు, మూడు తరగతుల పిల్లలు 97 మందిని, ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత అని అడిగారు. 76 మంది ఏదో ఒక అంకె చెప్పారు. వాళ్లు తెలివితక్కువ పిల్లలు కారు. బడిలో ప్రతి ప్రశ్నకూ జవాబు ఉంటుంది, ఇచ్చిన అంకెలన్నీ వాడాలి అని బడే నేర్పింది. అమెరికాలో 1983లో 13 ఏళ్ల పిల్లలను, 1128 మంది సైనికులను ఒక్కో బస్సులో 36 మంది చొప్పున పంపాలంటే ఎన్ని బస్సులు కావాలి అని అడిగారు. దాదాపు 70 శాతం మంది భాగహారం సరిగ్గానే చేశారు. 32 బస్సులు అన్నది 23 శాతమే. 31 బస్సులూ 12 శేషమూ అన్నవాళ్లు 29 శాతం. న్యూమన్ చెప్పిన ఐదో మెట్టు ఇదే. లెక్క సరిగ్గా చేసినా, వచ్చిన అంకెను మళ్లీ కథలోకి తీసుకురాలేకపోవడం.

ఈ ఐదో మెట్టును పరీక్షించడానికి ఇండోనేషియా మదర్సా పిల్లలకు దూరం పోనక్కరలేదు. అక్కడ చిన్న తరగతుల పిల్లలకు తెల్లని బట్టలు కట్టి, కాబా నమూనా చుట్టూ తిప్పుతూ హజ్ యాత్ర సాధన చేయిస్తారు. ఆ సాధనకు 50 మంది పిల్లలు వెళ్లాలి, ఊళ్లో తిరిగే 'అంకోత్' వ్యాను ఒక్కోదాంట్లో 12 మంది పడతారు. నాలుగు వ్యాన్లు మాట్లాడితే ఇద్దరు రోడ్డు మీద మిగిలిపోతారు. ఆ ఇద్దరు ఎవరో పిల్లలకు పేర్లతో సహా తెలిస్తే, జవాబు 'నాలుగు, శేషం రెండు' అని ఎవరూ రాయరు. ఐదు వ్యాన్లు కావాలంటారు. లేదా ఇద్దరినీ ఇరికిద్దాం అంటారు. ఆ రెండో జవాబుకు నేనైతే మార్కు ఇస్తాను, ఎందుకంటే ఆ బిడ్డ శేషాన్ని మనుషులుగా చూసింది.

సందర్భం పిల్లలకు దగ్గరదైతే కథ లెక్క తేలికవుతుందన్న మాటకు గట్టి ఆధారం బ్రెజిల్‌లో దొరుకుతుంది. రెసిఫె నగర వీధుల్లో సరుకులమ్మే పిల్లలను తెరెజిన్యా నూనెస్, డేవిడ్ కారహర్, అనలూసియా ష్లీమన్ పరిశీలించారు. ఆ పరిశోధన 1985లో వెలువడింది. బేరం చేస్తున్నప్పుడు వాళ్ల లెక్కలు 98 శాతం సరిపోయాయి. అవే లెక్కలు కథ రూపంలో కాగితం మీద ఇస్తే 74 శాతం, కథ తీసేసి వట్టి అంకెలు ఇస్తే 37 శాతం. అంటే ఆ పిల్లలకు కథ సాయం చేసింది. తమకు తెలిసిన బతుకు అందులో ఉంది కాబట్టి.

మదర్సాల్లో మతవిద్యనూ గణితాన్నీ కలిపి చెప్పాలన్న ప్రయత్నాలు కొన్నాళ్లుగా గట్టిగా సాగుతున్నాయి. ఉద్దేశం మంచిది. అమలులో మాత్రం చాలాసార్లు మామిడిపళ్ల బదులు తస్బీహ్ అనే జపమాల పూసలు పెట్టడంతో సరిపెడుతున్నారు. 'అలీ దగ్గర 33 పూసలు ఉన్నాయి, ఇంకో 33 ఇచ్చారు' అంటే లెక్క ఏ మాత్రం మారలేదు, వస్తువు పేరు మారింది. అది పిల్లకు అర్థాన్ని దగ్గర చేయదు. మతజీవితంలోనే లెక్క పుట్టే చోట్లు వేరే ఉన్నాయి. రంజాన్ చివర ప్రతి ముస్లిం ఇంటివాళ్లూ మనిషికి రెండున్నర కిలోల బియ్యం చొప్పున ఫిత్రా జకాత్ అనే దానం ఇవ్వడం ఇండోనేషియాలో ఆనవాయితీ. ఇంట్లో ఆరుగురుంటే ఎన్ని కిలోలు? దుకాణంలో 5 కిలోల సంచులే దొరికితే ఎన్ని సంచులు? ఇంకా పుట్టని బిడ్డను లెక్కలో కలపాలా? ఈ చివరి ప్రశ్నకు జవాబు గణితంలో ఉండదు, ఫిఖ్ పాఠంలో ఉంటుంది. అయినా ఆ జవాబు తేలనిదే గుణకారం మొదలవ్వదు. మసీదు కమిటీకి 180 కిలోలు చేరాయి, అర్హులు 24 కుటుంబాలు, ఒక్కో ఇంటికి ఎంత? ఏడున్నర కిలోలు. కొన్ని ఇళ్లలో ఇద్దరే ఉండి, కొన్నింట ఎనిమిది మంది ఉంటే సమానంగా పంచడం న్యాయమా, తలలు లెక్కపెట్టి పంచడం న్యాయమా? ఇక్కడ పిల్లలు వాదించుకుంటారు. ఆ వాదనలో భాగహారానికీ నిష్పత్తికీ తేడా వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు. ఏ మాట కనిపిస్తే ఏ గుర్తు వేయాలన్న సూత్రం ఇక్కడ పనికిరాదు.

మతజీవితంలోంచి లెక్కలు తీసే ఈ సంప్రదాయానికి వేళ్లు చాలా లోతుగా ఉన్నాయి. బీజగణితానికి పేరు తెచ్చిపెట్టిన అల్ ఖ్వారిజ్మీ గ్రంథం తొమ్మిదో శతాబ్దం తొలి భాగంలో బాగ్దాద్‌లో, ఖలీఫా అల్ మామూన్ కాలంలో వచ్చింది. అందులో ఇప్పుడు మనం వాడే గుర్తులు ఒక్కటీ లేవు, సమీకరణాలన్నీ మాటల్లోనే ఉంటాయి. దాని చివరి భాగం, అదీ చిన్న భాగం కాదు, పూర్తిగా వీలునామాలకూ వారసత్వపు పంపకాలకూ సంబంధించిన లెక్కలు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్న మనిషి చనిపోతే, అప్పులూ ఖర్చులూ పోగా ఉన్న ఆస్తిలో భార్యకు ఎనిమిదో వంతు, మిగిలినదాంట్లో కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు అన్నది ఇస్లామిక్ ధర్మశాస్త్రం. ఆస్తి 2.4 కోట్ల రూపియాలైతే భార్యకు 30 లక్షలు, కొడుకుకు 1.4 కోట్లు, కూతురికి 70 లక్షలు. మూడూ కలిపి చూసుకుంటే మొత్తం సరిపోతుంది. భిన్నాలను నేర్పడానికి ఇంతకంటే బరువైన కథ ఏముంటుంది? అయితే ఈ లెక్క ప్రాథమిక దశ దాటాక చెప్పేది. కింది తరగతులకు సరిపడేలా వెదికితే ఇలాంటివి ఫిఖ్ పుస్తకంలోనే దొరుకుతాయి.

తెలుగువాళ్లకు ఇది కొత్తగా తోచనక్కరలేదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడనే జైన పండితుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. పదకొండో శతాబ్దానికి చెందినవాడని సాహిత్య చరిత్రకారులు చెప్పే మల్లన శైవుడు. జైన వాతావరణంలో పుట్టిన లెక్కలను తన పాఠకులకు తెలిసిన లోకంలోకి తెచ్చుకున్నాడు. కథ ఎవరికోసమో వాళ్లకు తెలిసినదై ఉండాలన్న ఎరుక మన గణితంలో అంత పాతది.

బొమ్మ గీయించడం గురించి ఒక హెచ్చరిక చేయాలి. కథ లెక్కకు బొమ్మ గీయమని అందరూ చెబుతారు. మేరీ హెగార్టీ, మరియా కొజెవ్నికోవ్ డబ్లిన్‌లో ఆరో తరగతి అబ్బాయిలను పరిశీలించి 1999లో రాసినదాని ప్రకారం, వస్తువుల మధ్య సంబంధాన్ని చూపే గీతలను మనసులో వేసుకున్నవాళ్లు లెక్కలు బాగా చేశారు. వస్తువు రూపురేఖలను అందంగా ఊహించుకున్నవాళ్లు వెనకబడ్డారు. ఖర్జూరానికి ముడతలు గీస్తూ కూర్చుంటే లెక్క ముందుకు పోదు. అహ్మద్‌కు ఒక పట్టీ, దాని కింద ఫాతిమాకు ఇంకాస్త పొడుగు పట్టీ, పొడుగైన ముక్క మీద 6. ఈ రెండు పట్టీలు గీస్తే పెద్దదెవరిదో కంటికే తెలుస్తుంది. సింగపూర్ పాఠ్యపుస్తకాలు 1980ల నుంచి ఈ పట్టీల పద్ధతిని వాడుతున్నాయి. సుద్దముక్క తప్ప ఇంకేమీ అక్కరలేని ఉపాయం ఇది. డబ్బులేని పల్లె మదర్సాకు ఇంతకంటే తగిన ఉపాయం నాకు కనబడదు.

ఇండోనేషియా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నెదర్లాండ్స్‌లో హన్స్ ఫ్రాయిడెన్‌తాల్ మొదలుపెట్టిన వాస్తవిక గణిత విద్యను, బాందుంగ్ సాంకేతిక సంస్థ ఆచార్యుడు సెంబిరింగ్ లాంటివాళ్లు తమ దేశానికి తగ్గట్టు మలిచి 2001 నుంచి బడుల్లోకి తెచ్చారు. 2021లో జాతీయ పరీక్ష స్థానంలో అక్షరాస్యతనూ అంకెల వాడకాన్నీ కొలిచే మదింపు వచ్చింది. మదర్సాల కోసం మతవ్యవహారాల శాఖ అదే ఏడాది 'అక్మీ' అనే సొంత మదింపు ప్రారంభించింది. చదివి అర్థం చేసుకోవడాన్నీ గణితాన్నీ ఒకే పరీక్షలో పక్కపక్కన పెట్టడం మంచి ఆలోచన. మొదటి మూడు మెట్ల బలహీనత అందులో దాగదు. అయితే ఐదో తరగతిలో రాసే పరీక్ష, మూడో తరగతిలో మొదలైన తప్పును రెండేళ్లు ఆలస్యంగా చెబుతుంది. పరిశోధన పత్రాలదీ అదే లోటు. ఏ మెట్టులో ఎంత శాతం తప్పులని పట్టిక వేసి ముగిసిపోయేవి ఎక్కువ. ఆ పిల్లలనే మళ్లీ కలిసి, వాళ్లు ఆగిన మెట్టు ఎక్కించి, మరో లెక్క చేయించి చూసేవి తక్కువ. రేపటి ఉపాధ్యాయులే ఆ పత్రాలు రాస్తున్నారు కాబట్టి ఈ రెండో పని వాళ్ల చదువులో తప్పనిసరి చేయడం కష్టమేమీ కాదు.

కష్టమంతా గౌరవ వేతనపు ఉపాధ్యాయుడి సమయంతోనే. ముప్పై మంది పిల్లలున్న తరగతిలో ఒక్కొక్కరినీ ఐదు ప్రశ్నలు అడగడం ఎలా కుదురుతుంది? ఒక్క రోజులో కుదరదు. మిగతావాళ్లు నోటుపుస్తకంలో పని చేసుకుంటుండగా రోజుకు ఇద్దరిని పిలిస్తే, ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు చాలు, మూడు వారాల్లో తరగతి మొత్తం అవుతుంది. హాజరు పట్టీలో పేరు పక్కన ఐదు గడులు గీసుకుని, ఎవరు ఏ గడి దగ్గర ఆగారో ఒక చుక్క పెడితే సరి. చదవడం దగ్గర ఆగినవాళ్లను ఇండోనేషియా భాష చెప్పే గురువుకు అప్పగించవచ్చు. లెక్క చేయడం దగ్గర ఆగినవాళ్లకు ఎక్కాలూ తీసివేతలూ నిజంగానే కావాలి, వాళ్లకు ఆ ఇరవై లెక్కలు ఇవ్వాలి. మూడో గడిలో చుక్కలు పడినవాళ్లూ ఉంటారు. వాళ్లను ఆరుగురు చొప్పున ఒకచోట కూర్చోబెట్టి, వారానికి ఒకే ఒక కథ ఇచ్చి, అంకెలు చెరిపేసి, ఏం జరిగిందో, ఎవరి దగ్గర ఎక్కువ ఉందో, ఎందుకో మాట్లాడించాలి. ఆ మాటలు జావాలో సాగినా మదురాలో సాగినా ఫర్వాలేదు. అంకెలు చివరి పది నిమిషాల్లో ఇస్తే సరిపోతుంది.